లక్షా మూడు

దామలచెరువు మండీలో పొద్దుగూకేసరికి
చీటీలన్నీ కూడితే
తోతాపురి లక్షా మూడు కాయలు.

"ఎన్నైనా సరే, సమంగా కుప్పలెయ్యి రెడ్డెమ్మా"
అన్నాడు మొగిలప్ప.

రెండుకు లొంగలా.
ఏడుతో కొడితే ఒకటి మిగిలె,
పదకొండుతో రెండు.
చీటీల వెనకాల భాగారాలు చేసుకుంటా
మూడువందల పదమూడు దాకా పోయినా.
ప్రతిసారీ ఏదో శేషం,
పంట్లో పీచు మాదిరి.

ఆపైన చూడబన్లేదు.
తనూ, ఒకటీ తప్ప
దీనికి చుట్టాల్లేరు.

"మూడు నువ్వెత్తుకో, లక్ష రాసెయ్."

లక్షలో ఏముంది?
ఐదు రెండ్లు, ఐదు ఐదులు.
ఎట్ల తాకినా పగిలిపోతుంది.

చిత్తూరు బస్సులో
ఒళ్లో మూడు కాయలు.
కొరకబుద్ధి కాలా.