మూడో వరస

కరెంటు బిల్లు కవరు వెనక నిలువుగా ఒక గీత గీశాను.
ఎడమవైపు లాభం, కుడివైపు నష్టం.
బ్యాలరాట్‌లో జూలై నెల. పొగమంచు కిటికీకి ముక్కు ఆనించి
మా లెక్కలు చదువుతోంది.

నష్టాలు ముందు రాశాను. అది నా అలవాటు.
వంద కిలోమీటర్లకి పదకొండు లీటర్లు తాగుతుంది.
ఒక్కో టైరూ నాకు ఒక నైట్ డ్యూటీ.
సూపర్ మార్కెట్ కింద ఆ స్తంభాల మధ్య పార్కింగంటే
గేదెని గుమ్మంలోంచి వెనక్కి నడిపించడమే.
మూడో వరస లేపి నిలబెడితే
డిక్కీలో ఒక గొడుగూ, రెండు పాల డబ్బాలూ పడతాయి.
చంటివాడి తోపుడుబండి ఇంట్లోనే ఉండిపోవాలి.

షోరూమ్‌లో గ్రెగ్ అనే పెద్దాయన
పట్టీ లాగి సీటుని పడుకోబెట్టాడు, మళ్ళీ లాగి లేపాడు.
"రోజూ ఎంతమంది ప్రయాణం చేస్తారు?"
సారథి నావైపు చూశాడు. నేను స్పీడోమీటరు వైపు చూశాను.
రోజూ అయితే నలుగురం.
పద్నాలుగు రోజులకోసారి, శుక్రవారం సాయంత్రం నుంచి ఆదివారం దాకా
ఆరుగురం.

వంగి, పాకి, వెనక్కెళ్ళి కూర్చున్నాను.
మోకాళ్ళు గడ్డానికి తగిలాయి.
వెచ్చగాలి అక్కడికి చేరేసరికి
మూడో బంతి పప్పుచారంత పలచబడింది.
పెళ్ళిళ్ళలో ఆ బంతిన కూర్చున్నవాళ్ళకి తెలుసు
విస్తరి ఉంటుంది, "కూర్చోండి కూర్చోండి" ఉంటుంది,
గారెలే ఉండవు.

ఐదు సీట్లకి ఒక్కరు ఎక్కువ.
ఆ ఒక్కరు ఎవరని మా ఇంట్లో ఎవరూ అడగలేదు.
చంటివాడి సీటు రెండో వరసకే తగులుతుంది.
ప్రణవికి వెనక కూర్చుంటే వాంతులు.
ఇక మిగిలింది నా నిహాంత్, ఏడేళ్ళవాడు.
లేదా హిమజ. పదమూడేళ్ళు, పొడుగుకాళ్ళు.
నన్ను పిన్నీ అనదు, పేరు పెట్టి అనదు,
ఉప్పు కావాలంటే ఉప్పు వైపు చూస్తుంది.
వరస కుదరని ఇంటికి మూడో వరస ఎందుకే అని
పెద్దమ్మ ఫోన్‌లో నవ్వింది.
నేనూ నవ్వాను, కాస్త ఆలస్యంగా.

ఇప్పటిదాకా రెండు కార్లు.
బ్యాకస్ మార్ష్ పెట్రోలు బంకులో వాళ్ళమ్మ పిల్లల్ని దింపి వెళ్తుంది.
ముందు కారులో సారథి, అతని ఆడపిల్లలు.
వెనక కారులో నేను, నా కొడుకు, మా ఇద్దరి చంటివాడు.
ఒకే రోడ్డు, ఒకే ఇల్లు, రెండు స్టీరింగులు.
మొన్నోసారి చీకట్లో ఆ ఎర్రదీపాల్ని చూస్తూ నిహాంత్ అడిగాడు,
"అమ్మా, మనం వాళ్ళని ఎందుకు వెంబడిస్తున్నాం?"

ఎడమవైపు ఇంకేం రాయాలో తోచలేదు.
అదే రాశాను, ప్రశ్న గుర్తుతో సహా.

కొన్నది పాతది. ఎనభై రెండు వేలు తిరిగినది.
ఎవరిదో కుక్క వెంట్రుకలు తివాచీలో ఇంకా ఉన్నాయి.
మొదటి శుక్రవారం హిమజ తలుపు తీసి
ఎవరూ ఏమీ అనకముందే వెనక్కి పాకింది.
చెవుల్లో పాట, కిటికీకి తల.
నా గుండె కలుక్కుమంది. ఆ అమ్మాయి కోసమో,
నా కొడుక్కి తప్పినందుకు కలిగిన ఊరట కోసమో
తేల్చుకోలేదు.

పెంట్‌లాండ్ కొండ ఎక్కుతుంటే నిహాంత్ గొణిగాడు,
వెనక గ్లాసు పెట్టుకునే గుంటలు రెండున్నాయట.
బల్లన్‌లో ఆపాం. వాడు వెనక్కి దూకాడు.
తర్వాత చాలాసేపు ఇంజను చప్పుడే.

"నాన్నా, హీటరు పెంచు. మాకిక్కడ చలేస్తోంది."
హిమజ గొంతు, ఎక్కడో దూరం నుంచి.

మాకు అంది.
అందులో నేను లేను. సారథీ లేడు.
నా కొడుకున్నాడు.

హీటరు చివరికంటా తిప్పాను.
పదకొండు కాదు, పన్నెండున్నర తాగుతోంది.