అటో ఇటో

సిరొంచ తహసీలు కిటికీ ముందు
దుర్గం మల్లుబాయి వయసు తేలడం లేదు.
ఆధార్ కార్డు మీద జనవరి ఒకటి.
ఆమె వాడలో సగంమంది ఆ రోజే పుట్టారు,
బడి చూడని వాళ్ళందర్నీ
ఒకే తెల్లవారుజామున కన్నట్టు.

"జన్మ దాఖలా ఆణా" అంటాడు గుమాస్తా.
ఆమె నా వైపు తిరిగింది:
"రాళ్ళకు ఏండ్లు చెప్పే పిల్లవు గదా,
నాకు జెప్పు."

నిన్న ప్రాణహిత ఒడ్డున
నా నమూనాల సంచి మోసింది ఈమే.
ఎర్రమట్టి, దాని మీద ఇసుకరాయి, ఆపైన సున్నపురాయి.
మాలేరి, ధర్మారం, కోట.
ఎడ్లబండి పోయే ఊళ్ళ పేర్లే
కోట్ల ఏళ్ళకు పెట్టుకున్నాం.
అడుగున ఉన్నది అక్క, మీదున్నది చెల్లె
అని చెప్తే నవ్వింది.
"తునికాకు కట్టలు గూడ గంతే.
మొదలు పెట్టింది అడుక్కే."

పలక చీలిస్తే చేప.
పొలుసులు ఇంకా మెరుస్తున్నాయి.
సంతలో బేరమాడబోతున్నట్టు
మొప్పలకేసి వేలు పోనిచ్చింది.
"ఎన్నేండ్లది?"
పదిహేడు కోట్లు, కొంచెం అటో ఇటో.
"కొంచెమంటే?"
యాభై లక్షలు. కోటి.
"నాకు అయిదేండ్లు అటో ఇటో అయితే
పింఛను ఆపిన్రు."

ఆమె లెక్కలూ పొరలే.
గోదారి బజారు దాకా ఎక్కిన ఏడు
తల్లి కడుపులో ఉంది.
కలప డిపో కాలినప్పుడు పాలపళ్ళు ఊడుతున్నాయి.
వంతెన లేని రోజుల్లో
పడవలో అత్తగారింటికి.
ఆ తర్వాత కొన్నేళ్ళు లేవు.
అడిగితే సంచి బరువు గురించి మాట్లాడింది.

మేం దాన్ని విరామం అంటాం.
రెండు పొరల మధ్య సన్నటి గీత,
వేలు ఆనిస్తే రెండువైపులా తగులుతుంది,
అక్కడ ఎంత కాలం కొట్టుకుపోయిందో!
నది ఆగిందనుకోకూడదు.
రాయడం మానేసింది,
లేదా రాసిందంతా తనే కడిగేసింది.

ప్రయోగశాలలో
గసగసాలంత జిర్కాన్ గింజ చాలు,
పుట్టిన వేడిలోనే దాని గడియారం మొదలు,
యురేనియం సీసమవుతూ నోరు విప్పుతుంది.
మోకాలి అరుగుదల మాత్రం
సర్కారుకు సాక్ష్యం కాదు.
ఎముకల పరీక్షకు చంద్రపూర్ పొమ్మన్నారు.
బస్సు ఛార్జీ ఎంతని ఆమె అడగలేదు.

కొంగుముడి విప్పి
నేను పనికిరాదని పారేసిన ముక్క
కిటికీ చెక్క మీద పెట్టింది. సగం తోక.
"దీనికి దాఖలా ఎవరిచ్చిన్రు సారూ?"

గుమాస్తా దాన్ని తిప్పి చూసి
పక్క బల్ల వాణ్ణి పిలిచాడు.
వాడు ఇంకొకణ్ణి.
ఇంతలో భోజనాల వేళయింది.
తలుపు మూశారు.

వరండాలో నీడ జరిగినకొద్దీ జరుగుతూ
బెంచీ మీద మేం ముగ్గురం:
ఆమె, నేను, చేప.