తెల్లకాకులు

విశాఖ ఫిషింగ్ హార్బర్లో చేపలకు ఐసు కట్టినవాణ్ణి.
దిమ్మ దిమ్మకీ ఊక చల్లి, గోనె కప్పి పంపితే
పడవెక్కేలోగా సగం కారిపోయేది.
ఇక్కడ అడిలైడ్ పడమటి శివార్లో అదే ఐసు,
అంగుళంన్నర మందం.
దీని మీద మనుషులు కాళ్ళకి కత్తులు కట్టుకుని పరిగెడతారు.
మంచు అని నేననను.
మంచంటే తెల్లారగట్ల గడ్డి మీద తడి.
ఇది ఐసు. మీటరు తిరిగితేనే గడ్డకట్టేది.

జనవరిలో నలభైనాలుగు డిగ్రీల రోజు
కంప్రెసర్ గొంతు పట్టేసింది.
ఎర్రగీత కరిగింది, నీలంగీత కరిగింది,
తెల్లరంగు పెరుగు విరిగినట్టు విరిగి కాలవలోకి పోయింది.
అడుగున సిమెంటు మీద
సున్నంతో గీసిన కాకి ఒకటి
ముక్కు తెరుచుకుని నాకేసి చూసింది.

ఫోన్ చేస్తే యార్మిలా వచ్చింది.
ఎనభై దాటిన మనిషి, చేతికర్ర, చంకలో మినిట్స్ పుస్తకం.
"బీలా వ్రానా" అంది. తెల్లకాకి.
వాళ్ళ భాషలో, వందమందిలో ఇమడనివాడు.
మా భాషలో తెల్లకాకంటే అసలు లేనిదే, అన్నాను.
"అదీ మేమే" అంది.

తడి బెంచీ మీద కూచుని చదివింది:

యాభైలో, క్యాంపు నుంచి వచ్చిన తొమ్మిదిమంది.
కార్ల ఫ్యాక్టరీలో పగలు, ఇక్కడ రాత్రి.
కర్రలు యూకలిప్టస్‌వి, ఎత్తితే భుజం జారేది.
పక్ లారీ టైరు కోసి చేసింది.
మొదటి ఆట పద్నాలుగు–సున్నా.
రెండోది పదకొండు–సున్నా; పక్కన ఎవరో రాశారు: "మెరుగు".

అరవై ఎనిమిది ఆగస్టులో ప్రాగ్‌లోకి ట్యాంకులొచ్చాయి,
ఆర్నెల్లకి ఇక్కడికి కుర్రాళ్ళొచ్చారు.
పాతవాళ్ళు వాళ్ళతో మాట్లాడలేదు:
ఇరవయ్యేళ్ళు అక్కడ కూచుని ఇప్పుడా రావడం?
ఒక బెంచీ రెండు బెంచీలైంది.
పాస్ మాత్రం ఇచ్చుకునేవారు,
పక్‌కి పార్టీ తెలీదు కదా.

మధ్యలో ఒక పేజీ దగ్గర ఆమె వేలు ఆగింది.
యాభై ఏడు జూన్. గోల్ దగ్గర: య. హేడుక్.
వచ్చిన షాట్లు ముప్పై ఒకటి, ఆపినవి ఇరవైతొమ్మిది.
మూడు–రెండు. మొట్టమొదటి గెలుపు.
మీ అన్నయ్యా, అన్నాను.
"యాహిమ్‌కి ఆ వారం వేలు మిషన్లో పడింది."

వాళ్ళల్లో ఆడమనిషి ఇంటిపేరుకి చివర ఓవా తగులుతుంది.
హేడుక్ చెల్లెలు హేడుకోవా.
(నాకు ఇన్నాళ్ళూ పాలకోవా గుర్తొచ్చి నవ్వొచ్చేది.)
ఆ పేజీలో ఆ రెండక్షరాలు లేవు.
పేరుకి ముందు య మాత్రం ఉంది,
యాహిమ్‌కీ సరిపోయే య, యార్మిలాకీ.

తోలు మాస్కు కింద ఎవరు చూస్తారు?
ఆట అయ్యాక మిగతావాళ్ళు బీరుకెళ్ళారు.
ఆమె అన్నయ్య బూట్లు విప్పి,
లోపల కుక్కిన న్యూస్‌పేపర్ తీసి,
ఇంటికెళ్ళి ఈ పుస్తకం రాసింది.
రాసింది కూడా ఆమే.
తన పేరుని తన చేత్తోనే కత్తిరించుకుంది.

దిద్దుతారా అని నా పెన్ను ఇచ్చాను.
చాలాసేపు పట్టుకుంది.
"లెక్క తప్పు పోదు కదా, ఇరవైతొమ్మిది ఇరవైతొమ్మిదే"
అని పెన్ను తిరిగిచ్చి
మూడో షాట్ ఎడమ మోకాలికి ఎక్కడ తగిలిందో చూపించింది.

కొత్త కంప్రెసర్ గురువారం వచ్చింది.
మళ్ళీ తెల్లరంగు కొట్టాను,
కాకి ఉన్నచోట తప్ప.
మేనేజర్ అడిగితే రంగు చాల్లేదన్నాను.

ఐసు ఒక్కసారిగా పోస్తే పగులుతుంది.
వేడినీళ్ళు, కాగితమంత పొర,
అది పట్టాక ఇంకోటి.
చల్లనీళ్ళకంటే వేడినీళ్ళే గట్టిగా కడతాయి,
హార్బర్లో ఎవరూ నాకిది చెప్పలేదు.

రాత్రి మూడు దాటింది.
కాకి ముక్కు ఇంకా కనిపిస్తోంది.
పైపు పట్టుకుని వెనక్కి వెనక్కి నడుస్తున్నాను,
ఇంకా పద్నాలుగు పొరలు.