నీళ్లు కావాలి

మార్చి నెలాఖరు. మహదేవపురలో మా పీజీ
నాలుగంతస్తులకీ కలిపి ఒకటే తెల్లబోర్డు.
ట్యాంకరు మూడోరోజూ రాలేదని
మార్కర్ తీసుకుని నేనే రాశాను:
వాటర్ ఆర్ రిక్వైర్డ్. అర్జెంట్.

సాయంత్రానికి ఎవరో
ఆర్ మీద ఎర్రగా గీత కొట్టి
ఈజ్ అని దిద్దారు.
పక్కన ఒక నవ్వుముఖం కూడా.
నీళ్లు మాత్రం రాలేదు.

తమాషా ఏమిటంటే, పగలంతా నా ఉద్యోగం అదే.
వైట్‌ఫీల్డ్‌లో ఆరో అంతస్తు, ఏసీ కింద శాలువా కప్పుకుని
ఆసుపత్రుల్లో సెలైన్ ఎక్కించే పంపుకి
ఏమేం కావాలో రాస్తాను.
పంప్ నీడ్స్. పంప్స్ నీడ్.
చేరిన కొత్తలో ఇగ్నేషియస్ సారు
ఊడిన బొత్తాలు కుట్టినట్టు
నా పేజీలకి ఒక్కో ఎస్సూ కుట్టి పంపేవారు.
"ఇద్దరికీ కలిపి ఒకటే ఎస్ అమ్మా,
నామవాచకం తీసుకుంటే క్రియకి లేదు."

నాకూ గిరిబాలకీ ఒకటే హెల్మెట్.
తను పెట్టుకుంటే నా తల బోడి,
నేను పెట్టుకుంటే తనది.
మారతహళ్లి బ్రిడ్జి కింద పోలీసు ఆపి
ఐదొందలు రాసిన రోజున
ఆ సూత్రం నాకు పూర్తిగా వంటబట్టింది.

మా భాషలో క్రియలకి వంగడం రాదని కాదు.
వచ్చాడు, వచ్చింది, వచ్చారు, వచ్చాయి
ఎదుటివాళ్లని చూసి తోక మార్చడంలో
వాటి తర్వాతే ఎవరైనా.
ఒక్క కావాలి మాత్రం
ఎవరొచ్చినా కుర్చీలోంచి లేవదు.
రూపాయి కావాలి. కోటి రూపాయలు కావాలి.
నాకు కావాలి, కలెక్టరుకి కావాలి.
ఐ నీడ్ అంటే ఐ ముందు నడుస్తుంది,
నిటారుగా, పెద్దక్షరంలో.
తెలుగులో నేనసలు కర్తనే కాను.
వెనక ఒక కు తగిలించుకుని
గుమ్మం బయట నిలబడతాను.
లోపల కూర్చున్నవి నీళ్లు.

రెండో ఏడు సారు షల్ నేర్పారు.
పంప్ షల్, పంప్స్ షల్. ఎస్ గొడవ లేదు.
కావాలికి దూరపు చుట్టమేమోనని సంబరపడ్డాను.
దగ్గరికెళ్లి చూస్తే
దానికి అడగడం తెలీదు,
చెప్పి వెళ్లిపోవడమే.

రాత్రి వంటగదిలో ఓబులమ్మ
గిన్నెలు కడగలేక బూడిదతో తుడుస్తోంది.
బోర్డు మీద ఆ ఎర్రగీత ఏంటే అంది.
ఇంగ్లీషులో నీళ్లు ఒకటేనట, చెప్పాను.
చెయ్యి ఆపి నా మొహంలోకి చూసింది.
"ఒగటెట్లయితాదే?
కడవలోకి పోసేటప్పుడు సూడు,
ఎన్ని పడతాండాయో."
పాల సంగతి చెప్పలేదు. ఉప్పు తీసుకుని పైకొచ్చేశాను.

రెండింటికి కింద హారన్.
మెట్ల మీద నలభైరెండు బకెట్లు, ఒక ప్రెషర్ కుక్కరు.
ఎవ్రీవన్ నీడ్స్ అని రాయాలి,
ఎంతమందున్నా ఎవ్రీవన్ ఒక్కరే, ఎస్ తప్పదు.
రెండో అంతస్తు మలుపులో
నా మడమ మీద ఎవరిదో బకెట్ అంచు దిగినప్పుడు
మేమంతా ఒక్కరం అనిపించలేదు.
అయినా ఆ నైటీలు, ఆ నిద్రకళ్లు,
ఎవరూ ఏమీ అనకుండా
అందరం అడుగుతున్నది ఒకటే.

వాచ్‌మన్ పుట్టస్వామి టార్చి ఊపుతూ
"నీర్ బంతు, నీర్ బంతు" అని కేకలు.
కన్నడంలోనూ ఏకవచనమే.

నా వంతుకి పైపు సన్నబడింది.
గిరిబాల హెల్మెట్ బోర్లించి పట్టుకుంది, నవ్వుకి.
నా బకెట్లోకి మాత్రం
నీళ్లు
వచ్చాయి,
సగానికి.