ఎనిమిది కప్పులు

బ్రాడీపేటలో జిరాక్సు షాపు మీద గది నాది.
టారో చూస్తాను.
కింద మిషను తిరిగినప్పుడల్లా నా బల్ల వణుకుతుంది,
వచ్చినవాళ్ళు అదేదో శక్తి అనుకుంటారు.
నేనూ కాదనను.

మార్చి నెల మధ్యాహ్నం సామ్రాజ్యం వచ్చింది,
మిర్చియార్డు నుంచి నేరుగా,
కాటా చీటీలు ఇంకా చేతిసంచిలోనే.
ఆమెతోపాటు ఘాటూ వచ్చి కూర్చుంది.
చీర మడతల్లో, కనురెప్పల మీద,
గోళ్ళ చుట్టూ ఎర్రటి పొడి.
నలభయ్యారేళ్ళుంటాయి.
అడిగింది ఒక్క మాట: "వస్తాడా?"

ఎవరని మేం అడగకూడదు.
అడక్కపోతేనే చెబుతారు.
బాజీ. లారీ. నాగపూరు రూటు.
పదకొండేళ్ళు.
కార్తీకం వెళ్ళాక ఫోను లేదు.

పమిటకు చెయ్యి తుడుచుకుని మరీ తీసింది ముక్కని,
అయినా చంద్రుడి మీద
బొటనవేలు ఎర్రగా పడింది.

ఎనిమిది కప్పులు.
ఎర్ర దుప్పటి కప్పుకున్న మనిషి
కర్ర పుచ్చుకుని కొండదారి పట్టాడు, మనవైపు వీపు.
ఆ కొండ నాకెప్పుడూ కొండవీడులా కనిపిస్తుంది.
వెనకాల పేర్చిపెట్టిన ఎనిమిది కప్పులు.
పైన చంద్రుడు కళ్ళు మూసుకుని,
చూడలేకో, చూసి చెప్పలేకో.

ప్రేమ గురించి అడిగినప్పుడు ఈ ముక్క వస్తే
ఏం చెప్పాలో నాకు కంఠతా వచ్చు.
వెళ్ళినవాడు కోపంతో వెళ్ళలేదు.
దొంగిలించి వెళ్ళలేదు.
సరిపోలేదనుకుని వెళ్ళాడు.
మూడో వాక్యం దగ్గర గొంతు తగ్గించాలి,
మంచినీళ్ళ గ్లాసు కాస్త వాళ్ళవైపు జరపాలి.

గ్లాసు జరిపాను. నోరు తెరిచాను.

తుమ్మొచ్చింది.

ఒంటి తుమ్ము.
కింద జిరాక్సు కుర్రాడు
"చిరంజీవ" అని అరిచేంత తుమ్ము.

సామ్రాజ్యం మొహం విప్పారింది.
"బయల్దేరేటప్పుడు తుమ్మారు, చూశావా"
అంది, నాతో కాదు, ముక్కలో మనిషితో.
"కాసేపు కూచో. నీళ్ళు తాగి వెళ్ళు."

అతను కూర్చోలేదు. బొమ్మ కదా.
కానీ ఇన్నేళ్ళలో మొదటిసారి చూశాను,
అతను వెళ్ళడమూ లేదు.
ఎత్తిన కాలు ఎత్తినట్టే ఉంది.

లెక్కలు రాసే మనిషి,
టిక్కీలు లెక్కపెట్టినట్టే వేలు పెట్టి లెక్కపెట్టింది.
కింద ఐదు. పైన మూడు.
పై వరసలో ఒకచోట సందు.
దాన్ని మేం వెలితి అంటాం.
ఆ వెలితి తట్టుకోలేకే వెళ్ళాడంటాం.

"వెలితేంటండీ, అది గిన్నె.
మా క్యారేజీలో పై గిన్నె అతని లారీలోనే ఉండిపోయింది.
ఆ రోజు గోంగూర పెట్టాను.
మిగతా మూడూ తోమి బోర్లించాను గానీ
మూత దేనికీ పట్టదు.
వీడూ ఒకటి పట్టుకెళ్ళాడు,
దుప్పటి కింద చూడండి, ఎత్తుగా లేదూ?
తెచ్చివ్వాలిగా."

తెచ్చివ్వాలనేం లేదు.
నా గది తలుపు వెనక మేకుకి
మూడు వానాకాలాలుగా ఒక గొడుగు వేలాడుతోంది,
మగవాళ్ళ గొడుగు.
నేనెప్పుడూ దాని మీద ముక్క తీయలేదు.

చెప్పాల్సిన మూడు వాక్యాల్లో
రెండే చెప్పాను.

రెండొందలు ఇచ్చింది, మరకల నోట్లు.
మెట్ల దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.
"ఏమండీ, రెండోది తుమ్మకండి.
తుమ్మితే మొదటిది చెల్లదు."

బల్ల వణుకుతోంది. ఘాటు ఇంకా వెళ్ళలేదు.
ముక్కు చిదిమి పట్టుకుని,
రెండు కళ్ళూ కారిపోతుంటే,
ఆమె నాలుగో లైను మలుపు తిరిగేదాకా ఆపుకున్నాను.

తిరిగాక కూడా, ఎందుకో,
తుమ్మలేదు.