వెనుక ఎడమ తలుపు

ఉత్తరం నాకు రాలె.
నల్లగొండ రామగిరిల పురుషోత్తం సారు ఇంటికొచ్చింది.
సారు ఇల్లు మారి ఏండ్లాయె, కిరాయికున్నోళ్లు
కరెంటు బిల్లుల కింద పెట్టి మరిచిండ్రు.
పద్నాలుగు నెలలు.
ఆ పద్నాలుగు నెలలూ నేను
కొండమల్లేపల్లి నుంచి దేవరకొండ బడికి
రోజూ ఏడుగురు పిల్లల్ని తోలిన.

సారు కొన్న కొత్త బండి, తెల్లది, ఏపీ ఇరవై నాలుగు.
సారు తర్వాత చింతపల్లి విత్తనాల షాపు భిక్షమయ్య.
ఆయన తర్వాత నేను, బండారి సైదమ్మ,
లక్షా డెబ్బై వేలు, అందుల అరవై సంఘం లోను.
ఆర్సీ మీద పేర్లు మారినయి,
తలుపు గుణం మారలె.

కొన్ననాడే చూడాల్సింది.
హ్యాండిలుకు ఎర్రదారం ముడి,
సారు భార్య దిష్టికి కట్టిందనుకున్న.
తలుపు సందుల నాలుగు మడతల అట్టముక్క,
పత్తి విత్తనాల డబ్బాది,
గాలి మోతకు పెట్టిండనుకున్న.
ఇప్పుడు తెలుస్తుంది, అవి రెండూ ఫిర్యాదులే.
ఎవరికి చెప్పాల్నో తెలవక
తలుపుకే చెప్పుకున్నరు.

డిండి రోడ్డు మలుపుల, ఒక ఆదివారం,
వెనుక సీటు మీద మా చిన్నమ్మ తోట బత్తాయిలు, రెండు సంచులు.
టక్కుమన్నది.
అద్దంల చూస్తే తలుపు రెక్క ఆడుతుంది,
రోడ్డంత పచ్చగ దొర్లుతున్నయి,
ఒకటి లారీ టైరు కింద పడి
రసమంత డాంబరు మీద ఆరింది.
మిగిలినవి ఏరుకునేటప్పుడు లెక్క తప్పుతున్న.
శనివారం ఆ సీట్ల
రమావత్ పూజిత కూసున్నది, రెండో తరగతి,
తలుపుకు ఆనుకొని నిద్రపోయేది.

జహంగీర్ రేకు తట్టి చూసిండు.
"ఈ మోడలుకు ఇదే రోగమక్కా,
నా దగ్గరికే అయిదొచ్చినయి."
ఎవరికన్న చెప్పినవా అంటె
"ఎవరికి చెప్తా? స్ప్రింగేసి పంపిన" అన్నడు,
గ్రీజు చేతులు ప్యాంటుకు తుడుసుకుంట.
స్ప్రింగు నెలన్నర ఉన్నది.
తర్వాత నాది నైలాను తాడు,
బర్రెను కట్టే ముడి. అది నా ఫిర్యాదు.

కిరాయోళ్లు ఇల్లు ఖాళీ జేస్తె బయటపడ్డది ఉత్తరం.
సారు భిక్షమయ్యకు, భిక్షమయ్య బ్రోకరుకు,
బ్రోకరు నాకు ఫోను.
బండి లెక్కనే
ఉత్తరం కూడ మూడు చేతులు మారి వచ్చింది.

"గౌరవనీయులైన కస్టమర్ గారికి,
అరుదైన సందర్భాలలో వెనుక ఎడమ తలుపు గొళ్లెం
పూర్తిగా పడకపోవచ్చును."
అరుదైన సందర్భం
రెండు జడలు వేసుకుంటది.
టిఫిను డబ్బాల సగం రొట్టె దాచి
సాయంత్రం దిగేటప్పుడు నాకిస్తది.

ఎల్బీనగర్ల ఏసీ హాలు. టైకట్టుకున్న పిల్లగాడు
నా పేరడగలె, చాసిస్ నెంబరడిగిండు,
పదిహేడు అక్షరాలు.
నలబై నిమిషాలు, పైసా తీసుకోలె, చాయ్ కూడ ఇచ్చిండ్రు.
కూసొని అనుకున్న,
మర్రిగూడ బోరు తాగి మా మామ మోకాళ్లు వంగినయి,
ఆ నీళ్లను ఎవరు వెనక్కి పిలువాలె?
బోరుకు చాసిస్ నెంబరుండదు.
చాయ్‌ల చక్కెర ఎక్కువైంది.

పాత గొళ్లెం ఇయ్యమంటె ఇయ్యలె.
కంపెనీకి పంపాలంట.
గోరంత ఇనుపముక్క,
ప్లాస్టిక్ సంచిల వేసి చీటీ అంటించిండ్రు.

తలుపు ఇప్పుడు బిర్రుగ పడుతుంది, మంచి చప్పుడు.
తాడు డిక్కీల పడేసిన, పారెయ్యలె.
భిక్షమయ్యకు ఫోన్ జేసి చెప్పిన,
"నా బిడ్డ కూసునేది ఆ పక్కనే" అని
చాలసేపు ఏం మాట్లాడలె.

సోమవారం పొద్దున మలుపు దగ్గర
పూజిత ఎప్పటి లెక్కనే
రెండు చేతులతోటి హ్యాండిలు గుంజి పట్టుకున్నది.
అవసరం లేదు బిడ్డా, బాగైంది అన్న.
సరే ఆంటీ అన్నది.
చేతులు తియ్యలె.