గడియారం గుర్తు

ముప్పై ఒక్క ఏళ్ళుగా నా వేళ్ళకి సుద్ద అంటుకునే ఉంది.
రొట్టెపిండి కలిపినా, గుర్రం జీను సవరించినా
తెల్లటి ముద్ర పడేది.
"నువ్వు తప్పిపోయినా వెతకడం తేలికే" అని
మా ఆయన తుర్దుబెక్ నవ్వేవాడు.

ఈ జనవరిలో అత్‌బాషీలో మైనస్ ముప్పై రెండు.
బడి గొట్టాల్లో నీళ్ళు గడ్డకట్టి, గొట్టాలు పగిలాయి.
నరీన్ నుంచి ఓ కుర్రాడొచ్చి
నా ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టి, గంటన్నర మాట్లాడి,
చీకటి పడేలోపు కనుమ దాటాలని వెళ్ళిపోయాడు.
అతను చెప్పినవాటిలో గుర్తున్నది ఒక్కటే:
"భయపడకండి, ఏదీ పాడవదు."

మొదటిరోజు ఇరవై నిమిషాలు పాఠం చెప్పాను,
మైకు ఆపేసి.
ఇరవై రెండు గళ్ళలో పిల్లలు
చేపల్లా నోళ్ళు తెరిచి చేతులూపుతుంటే
ఎంత ముద్దొచ్చారో! నేనూ చెయ్యూపాను.
మూడోరోజు నా ముఖం తలకిందులైంది.
ఎర్మెక్ వాళ్ళ తాత వెనకనుంచి తొంగిచూసి
"మీ టీచరు గబ్బిలమా?" అన్నాడు.
అది మాత్రం స్పష్టంగా వినిపించింది.

ఐదోరోజు,
రాత్రంతా కూర్చుని టైపు చేసిన వ్యాకరణం
ఏదో మీట తగిలి మాయమైంది.
పొయ్యిలో పిడకలు ఆరిపోయేదాకా అలాగే కూర్చున్నాను.
ఏభై ఆరేళ్ళ మనిషిని, చెప్పకూడదు గానీ, ఏడ్చాను.

ఆదివారం బెగాయిమ్ వచ్చింది, పాలు పోయడానికి.
ఏడో తరగతి. మాట తక్కువ.
గుమ్మంలో బూట్లు విప్పి
చేతులు చంకల్లో వెచ్చబెట్టుకుని
"ఇటివ్వండి ఎజే" అంది.
ఎజే అంటే అక్క. మా దగ్గర టీచర్నీ అలాగే పిలుస్తారు.
మూలనున్న చిన్న గడియారం గుర్తు నొక్కింది.
పోయిన వ్యాకరణం, వాక్యం వెంట వాక్యం,
మేత నుంచి గొర్రెల్లా తిరిగొచ్చింది.
"చెరిపేసినవన్నీ ఇక్కడే ఉంటాయి."

నల్లబల్ల అలా కాదు.
దానికి జ్ఞాపకం లేదు, అదే దాని మంచితనం.
ఎన్ని తప్పులు తుడిచానో దానిమీద.
అందులో ఎన్ని నావో.

తర్వాతి వారం వ్యాసం ఇచ్చాను: మా ఇంట్లో ఉదయం.
ఎవరి పేజీ వాళ్ళది, అన్నీ నాకు కనిపిస్తాయి.
బెగాయిమ్ గీత ఊదారంగు.
నడిచింది, ఆగింది, వెనక్కి నడిచింది,
మిణుకుమిణుకుమంటూ చాలాసేపు నిలబడింది.
చివరికి మిగిలింది రెండు వాక్యాలు:
"మా ఇంట్లో ఉదయం బాగుంటుంది.
ఎండ కిటికీలోంచి వస్తుంది."

చేతిలో ఎర్రసిరా ఉంటే "ఇంతేనా?" అని రాసేదాన్ని.
హాజరుపట్టీలో ఆ పిల్ల పేరుకెదురుగా
అప్పటికే ఏడు సున్నాలు పెట్టి ఉన్నాను.

గడియారం నొక్కాను.
నొక్కకూడదేమో. ఇప్పటికీ తేల్చుకోలేదు.

"పొద్దున్నే మేం ముగ్గురం ఫోను కోసం చీటీలు వేస్తాం.
ఉలాన్ పేరొస్తే నాకు బడి లేదు.
చీటీలు రాసేది నేనే. తమ్ముళ్ళ పేర్లు రెండేసి సార్లు రాస్తాను."

పది గంటల పన్నెండుకి పుట్టి
పది గంటల పదిహేనుకి పోయాయి ఆ మాటలు.

నా ఏడు సున్నాలు మాత్రం కాగితం మీదవి.
వాటికి గడియారం లేదు.
బ్లేడుతో గీకాను.
కాగితం పల్చబడింది, ఒకచోట చిరిగింది.

మర్నాడు క్లాసులో అందరికీ చెప్పాను:
ఇకనుంచి రాత్రి తొమ్మిదికి అదే పాఠం మళ్ళీ చెప్తాను,
ఈ మీటలు నాకింకా అలవాటు కాలేదు, సాధన కావాలి, అని.
ఎర్మెక్ నవ్వాడు. నవ్వనీ.

తర్వాత బెగాయిమ్ పేజీ తెరిచి
ఆ రెండు వాక్యాల కింద ఒకటి రాశాను,
ఒంటివేలితో, అక్షరానికో ఊపిరి.
ఒకసారి చదువుకున్నాను.
చివరి చుక్క నుంచి మొదటి అక్షరం దాకా
వెనక్కి నడిచి చెరిపేశాను.

పేజీ శుభ్రంగా ఉంది.
ఎక్కడ చూడాలో ఆ పిల్లకి తెలుసు.

తొమ్మిదింటికి ఇంకా నాలుగు గంటలుంది.
పిడకలు తెచ్చుకోవాలి.
ఈసారి మైకు మర్చిపోకూడదు.